రోగం ఒక పద్దులో, బిల్లు ఇంకో పద్దులో

కాణిపాకం

అమ్మణ్ణీ,

నీ ప్రాజెక్టు కాగితాలు మీ నాయన తెచ్చి ఇచ్చినాడు. నిదానంగా కూర్చుని చదివినాను. పర్యావరణ క్షీణత, డిజిటల్ సాంకేతికత కలిసి జాతీయ ఆరోగ్య వ్యయం మీద చూపే ప్రభావం అని పేరు పెట్టినావు. యూనివర్సిటీలో ఇట్లాంటి పేర్లకే గిరాకీ, తప్పు పట్టను. ముప్పై దేశాలు, ఇరవై ఏండ్లు. తలసరి కార్బన్ ఒక వరస, నూరు మందికి ఎన్ని ఫోన్లో ఇంకో వరస, ఆరోగ్యం మీద ఖర్చు మూడో వరస. మూడింటినీ కంప్యూటర్లో వేస్తే సంబంధం తేలుతుందని మీ సారు చెప్పినట్టు రాసినావు. తేలుతుంది. అంకెలు వేసినాక ఏదో ఒకటి తేల్చకుండా కంప్యూటర్ ఊరుకోదు.

నీ ఎకనామిక్స్ నాకు రాదు. నాకు తెలిసింది ట్రెజరీ. ఉద్యోగమంతా సబ్ ట్రెజరీల్లో బిల్లులు తిరగేయడంతోనే సరిపోయింది. అందుకని నీ మొదటి రెండు వరసల జోలికి పోను. మూడో వరస గురించి మాత్రం నాలుగు మాటలు చెప్తాను. జబ్బు పుట్టే చోటు ఒకటి, దానికైన డబ్బు రాసుకునే చోటు ఇంకొకటి, ఆ రెండింటికీ మధ్య ఒక్కోసారి ఇరవై ఏండ్ల ఎడం. అది పట్టుకోకుండా ఖర్చు పెరిగింది, తగ్గింది అని రాస్తే నీ ప్రాజెక్టుకు మార్కులు పడతాయి గానీ సంగతి మాత్రం పట్టుబడదు.

ప్రభుత్వ లెక్కల్లో ప్రతి ఖర్చుకూ ఒక నెంబరు ఉంటుంది. వైద్యం, ప్రజారోగ్యం 2210. తాగునీరు, పారిశుధ్యం 2215. సామాజిక భద్రత 2235. అడవులు 2406. పర్యావరణం 3435. చిత్తూరులో బిల్లు పెట్టినా శ్రీకాకుళంలో పెట్టినా ఇవే నెంబర్లు, వేరే రాష్ట్రానికి పోయినా ఇవే. బిల్లు సరైన పద్దులో పడిందా, ఆ పద్దులో బడ్జెట్ ఉందా, సంతకాలు ఉన్నాయా అని చూడడం మా పని. ఉద్యోగుల మెడికల్ రీయింబర్స్‌మెంట్ బిల్లులు కట్టలు కట్టలు వచ్చేవి. ఎసెన్షియాలిటీ సర్టిఫికెట్ ఉండాలి, డిశ్చార్జి సమ్మరీ ఉండాలి, మందుల రసీదుల మీద డాక్టరు సంతకం ఉండాలి. ఒకటి తగ్గినా ఆబ్జెక్షన్ రాసి వెనక్కి పంపేవాళ్లం. ఇందులో ఒక తమాషా ఉంది, విను. జీతం ఏ పద్దులో వస్తే వైద్యం బిల్లు కూడా ఆ పద్దులోనే పడుతుంది. టీచరు గుండె ఆపరేషన్ 2202, అంటే విద్య. కానిస్టేబుల్ కిడ్నీ 2055, పోలీసు శాఖ. 2210 పద్దు ఒక్కటే తిరగేసి ఆరోగ్య ఖర్చు ఇంత అనేవాడికి ఆ గుండె, ఆ కిడ్నీ కనబడనే కనబడవు.

ఆ కాగితాల్లో జబ్బు పేరు రాయడానికి చోటు ఉంటుంది, గది అద్దెకు ఉంటుంది, ఇంజెక్షన్ బ్యాచ్ నెంబరుకు కూడా ఉంటుంది. జబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో రాయడానికి గడి లేదు. ఊపిరితిత్తులు అని ఉంటుంది, ఇంటి వెనక క్రషర్ ఆడుతుందని ఉండదు.

ఉద్దానం సంగతి పేపర్లలో చదివే ఉంటావు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, మందస, వజ్రపుకొత్తూరు. కొబ్బరి, జీడిమామిడి తోటలతో కళ్లకు చల్లగా ఉండే నేల. అక్కడ షుగరు, బీపీ లేని రైతులకు, కూలీలకు కూడా కిడ్నీలు పోతున్నాయి. నీళ్లా, మట్టిలోని లోహాలా, పురుగుమందులా, ఎండలో నోరెండిపోయే దాకా చేసే కష్టమా? ఇన్నేండ్ల పరిశోధన తర్వాత కూడా ఇదీ కారణం అని ఒక్కదాని మీద వేలు పెట్టలేకపోయినారు. డబ్బు మాత్రం ఆగలేదు. అది ఎట్లా నడిచిందో చూడు. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరు 14న తెరిచినారు. అది వైద్యం పద్దు. హిరమండలం జలాశయం నుంచి ఆ ఊర్లకు నీళ్లు తేవడానికి సుమారు 700 కోట్ల పథకం. అది తాగునీటి పద్దు. డయాలసిస్ మీద బతికేవాళ్లకు నెలకు పదివేల పింఛను. అది సామాజిక భద్రత. ఇక వారానికి రెండు మూడు సార్లు సెంటరుకు పోయి వచ్చే ఆటో బాడుగ, వెంట పోయిన ఆడమనిషి పోగొట్టుకున్న కూలి, అమ్మిన జీడితోట, ఇవి ఏ పద్దులోనూ లేవు. ఒక మనిషి కిడ్నీని ఇన్ని పుస్తకాల్లో ముక్కలు చేసి రాసుకున్నాం. నువ్వు ఆరోగ్య వ్యయం అని ఒక్క వరస తీసుకుంటే అందులోకి వచ్చేది ఆసుపత్రి ముక్క మాత్రమే. నీళ్లే కారణం అనుకుంటే, అసలు వైద్యం జరిగేది తాగునీటి పద్దులో. దాన్ని నీ లెక్క చూడనే చూడదు.

అంత దూరం పోకపోయినా సరే, మన ఊరికే రా. మన వినాయక స్వామి బావిలో వెలసినాడని నీకు ఊహ తెలిసినప్పటి నుంచీ వింటున్నావు. ఆ కథ ఎక్కడ మొదలవుతుందో ఎప్పుడైనా గమనించినావా? ముగ్గురన్నదమ్ముల బావిలో నీళ్లు తగ్గినాయి. లోతు చేద్దామని దిగి గడ్డపార వేస్తే రాయికి తగిలింది, రక్తం చిమ్మింది. అంటే నీళ్లు కిందికి పోవడం ఈ ఊరికి పురాణమంత పాత సంగతి. ఆ కాలంలో గడ్డపారతో దిగినారు. ఇప్పుడు రిగ్గు లారీ వస్తుంది. వెయ్యి అడుగులు వేసినా తడి తగలని బోర్లు మన జిల్లాలో ఎవరికీ వింత కాదు.

కింద ఉండేదంతా గ్రానైటు, నైసు రాయి. పైపైన ఉండే వాననీళ్లకు రాయితో పెద్దగా పనిలేదు. లోతున ఉండే నీళ్లు ఏండ్ల తరబడి రాతి పగుళ్లలో నిలవ ఉంటాయి గనుక రాయిలోని ఫ్లోరైడు కరిగి వాటిలోకి దిగుతుంది. లీటరుకు ఒక మిల్లీగ్రాము దాకా మంచిది, వేరే గతి లేకపోతే ఒకటిన్నర దాకా తాగొచ్చు అని బీఐఎస్ వాళ్ల ప్రమాణం. అది దాటిన నీళ్లు తాగితే పిల్లల పండ్ల మీద గార మచ్చలు పడతాయి. ఇంకా ఎక్కువగా, ఏండ్ల తరబడి తాగితే కీళ్లు, వెన్ను బిగుసుకుంటాయి. ఈ రోగంలో నల్గొండ పేరు జాస్తిగా మోగింది గానీ రాయలసీమకూ ఇది పాత చుట్టమే. బోరు లోతుకు పోవడాన్ని మనం వ్యవసాయం సమస్య అంటాం. మోకాళ్ల నొప్పిని వైద్యం సమస్య అంటాం. రెండూ ఒకే పైపుకు అటు కొస, ఇటు కొస.

మా వీధి చివర నీళ్ల ప్లాంటు ఉంది, వచ్చినప్పుడు చూపిస్తాను. ముందు వైపు శుభ్రంగా ఉంటుంది, నీలం పెయింటు, దేవుడి పటం, డబ్బులు వేస్తే క్యాన్ నిండే కుళాయి. నువ్వు వెనక్కి రావాలి. గోడలోంచి ఒక నల్ల పైపు బయటికి వచ్చి కాలువలోకి వంగి ఉంటుంది. ఆర్‌ఓ మిషను మంచినీళ్లు తీసుకుని మిగతా నీళ్లు అందులోంచి వదిలేస్తుంది. ఒక క్యాన్ నింపడానికి ఇంకో క్యాన్, మిషను పాతదైతే రెండు క్యాన్లు పోతాయి. లోపలి ఉప్పూ ఫ్లోరైడూ అంతా ఆ పోయే నీళ్లలోనే చిక్కబడి ఉంటుంది. కాలువ అంచున తెల్లగా పేరుకున్న పొర కనబడుతుంది, గోరుతో గీకితే పెచ్చులుగా లేస్తుంది. అది మళ్లీ ఈ నేలలోకే ఇంకుతుంది, పక్కింటి బోరు దాన్ని మళ్లీ పైకి తెస్తుంది.

2014 అక్టోబరు 2న ఎన్టీఆర్ సుజల స్రవంతి అని ప్రభుత్వమే 20 లీటర్లు రెండు రూపాయలకు ఇచ్చే పథకం మొదలుపెట్టింది. మా వీధి ప్లాంటు ప్రైవేటుది, క్యాన్ పది రూపాయలు. రోజుకు ఒక క్యాన్ వేసుకో. ఏడాదికి 3,650 రూపాయలు ఒక ఇంటికి. ఇది పక్కన పెట్టుకో, ఇంకాసేపట్లో పనికొస్తుంది. సర్వే వాళ్లు వచ్చి వైద్యానికి ఎంత పెట్టినారమ్మా అని అడిగితే ఆ ఇంటి ఆడమనిషి ఈ డబ్బు చెప్పదు. చెప్పాలని ఆమెకు తోచదు కూడా. కీళ్లు పట్టేస్తాయనే భయంతో కొన్న నీళ్లు వైద్యం ఖర్చు కాక ఇంకేమవుతుంది?

ఇప్పుడు దేశం లెక్కకు రా. 2021-22 నేషనల్ హెల్త్ అకౌంట్స్ ప్రకారం దేశం మొత్తం ఆరోగ్యం మీద పెట్టింది 9,04,461 కోట్లు. జీడీపీలో 3.83 శాతం, తలకు 6,602 రూపాయలు. అందులో కేంద్రం, రాష్ట్రాలు కలిసి పెట్టింది 48 శాతం. అంటే జీడీపీలో 1.84 అన్నమాట. 2025 నాటికి దీన్ని 2.5 చేస్తామని 2017 జాతీయ ఆరోగ్య విధానం చెప్పింది. జనం సొంత జేబులోంచి పెట్టింది 39.4 శాతం, తలకు సుమారు 2,600. ఇప్పుడు మన నీళ్ల క్యాన్ తీసి దీని పక్కన పెట్టు. నలుగురున్న ఇంటికి ఈ లెక్కన జేబు ఖర్చు పదివేల పైచిలుకు. అందులో మూడో వంతు కంటే ఎక్కువకు సమానమైన డబ్బు నీళ్ల ప్లాంటుకు పోతోంది, ఏ ఆరోగ్య లెక్కలోనూ పడకుండా.

జేబు ఖర్చు వాటా 2013-14లో 64.2 ఉండేది, 2021-22కు 39.4 అయిందని నువ్వు మొదటి పేజీలోనే గొప్పగా రాసినావు. రాయి, తప్పు లేదు. కానీ దాని కింద రెండు సంగతులు కూడా రాయి. 2021-22 అంటే టీకాల కోసం, కోవిడ్ కోసం ప్రభుత్వాలు చేయి విప్పిన ఏడాది. మొత్తం పెరిగితే జేబు వాటా శాతంలో తగ్గినట్టే కనబడుతుంది. ఇక జేబు ఖర్చు అంచనాకు ఆధారం 2017-18లో చేసిన ఎన్ఎస్ఎస్ 75వ విడత సర్వే. కోవిడ్ రాకముందు జనం చెప్పిన లెక్కను పట్టుకుని కోవిడ్ ఏడాదికి పొడిగించినారు. మన కాణిపాకం స్వామి ముందు ప్రమాణం చేయమంటే అబద్ధం ఆడడానికి జనం జంకుతారు. శాతాలకు ఆ జంకు లేదు. ఆరోగ్యశ్రీ పుట్టిన మన రాష్ట్రంలోనే జేబు వాటా దేశ సగటు కంటే ఎక్కువ. ఎందుకంటే పెద్ద ఆపరేషన్ కార్డు మీద అయిపోతుంది. నెలనెలా బీపీ మాత్రలు, షుగరు పరీక్షలు, స్కానింగులు జేబులోంచే పోతాయి. మన వైపు వాళ్లు రవ్వంత పెద్ద జబ్బు అనగానే ఆసుపత్రికని రాయవేలూరు బస్సెక్కుతారు, ఆ డబ్బు రాష్ట్రం దాటి పోతుంది. జిల్లా లెక్క తీసేటప్పుడు అది మరిచిపోవద్దు.

గాలి సంగతి తొందరగా చెప్పేస్తాను. 2020 డిసెంబరులో లాన్సెట్ ప్లానెటరీ హెల్త్ పత్రికలో మన దేశం మీద ఒక అధ్యయనం వచ్చింది. 2019లో గాలి కాలుష్యం వల్ల 16.7 లక్షల మరణాలు, అకాల మరణాల వల్ల, జబ్బుల వల్ల పోయిన ఉత్పత్తి విలువ జీడీపీలో 1.36 శాతం. ప్రభుత్వాలు ఆరోగ్యానికి పెట్టే 1.84 పక్కన దాన్ని ఉంచి చూడు, ఏడాదులు వేరైనా సరే. ఆ 1.36 ఆసుపత్రి బిల్లు కాదని గుర్తుంచుకో. పోయినవాళ్లు, మంచానపడినవాళ్లు చేయలేకపోయిన పని అది. దానికి ట్రెజరీలో బిల్లు పెట్టేవాడు లేడు. ఇదంతా ఢిల్లీ గోల అనుకుంటావేమో, 2019లో కేంద్రం మొదలుపెట్టిన క్లీన్ ఎయిర్ ప్రోగ్రాం జాబితాలో గాలి ప్రమాణాలు అందుకోని ఊర్లలో మన చిత్తూరు ఉంది. చుట్టూ కొండలు, మామిడితోటలు చూసినవాడు నమ్మడు.

పొయ్యి పొగ మాత్రం వేరే కథ, కొంచెం మంచి కథ. మీ అవ్వ ఏనాడూ బీడీ ముట్టింది లేదు. ఊదుగొట్టం పట్టుకుని జీవితమంతా చెరుకు పిప్పి, మామిడి పుల్లలు మండించింది. చివరి రోజుల్లో ఆమె దగ్గు, బీడీలు కాల్చే ముసలాయన దగ్గు ఒకేలాగ ఉండేవి. 1999లో దీపం పథకం కింద డ్వాక్రా ఆడవాళ్లకు గ్యాస్ కనెక్షన్లు ఇచ్చినారు, 2016లో ఉజ్జ్వల వచ్చింది, 2024లో దీపం-2 కింద ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం అన్నారు. ఈ డబ్బు వైద్యం పద్దులో పడదు. ఉచితాలు అని వెటకారం చేసేవాళ్లు బాగా ఉన్నారు. నన్నడిగితే ఊపిరితిత్తుల వార్డులో పడకలు తగ్గించే ఖర్చు ఇదే.

కానీ తగ్గింది ఎప్పుడు కనబడుతుంది? ఇక్కడే మీ ఏడాది వారీ అంకెలు మోసం చేస్తాయి. మేము మార్చి 31 అర్ధరాత్రికి పద్దులు మూసేసేవాళ్లం. ఫ్లోరైడుకు మార్చి 31 లేదు. 2000లో తాగిన నీళ్ల బిల్లు 2020లో వస్తుంది. 1999లో గ్యాస్ పెట్టించుకున్న ఇంట్లో దగ్గు తగ్గడం అప్పటికి పసిబిడ్డగా ఉన్న ఆడపిల్ల ముసలిది అయ్యాక గానీ పూర్తిగా లెక్కకు రాదు. నువ్వు 2015 కాలుష్యాన్ని 2015 ఖర్చుతో ముడిపెడితే ఒకరి అప్పు తెచ్చి ఇంకొకరి ఖాతాలో రాసినట్టే. మీ సారును అడుగు, కొన్ని ఏండ్లు వెనక్కి జరిపి చూసే పద్ధతి మీ శాస్త్రంలో ఉండే ఉంటుంది. ఎన్ని ఏండ్లు అనేది మాత్రం కంప్యూటర్ను అడగొద్దు, డాక్టరును అడుగు.

ఇక డిజిటల్. దీనికి కూడా మన పక్కనే మొదలుంది. తవణంపల్లె మండలం అరగొండ, డాక్టర్ ప్రతాప్ సి. రెడ్డి సొంత ఊరు. 2000లో అపోలో వాళ్లు అక్కడ చిన్న ఆసుపత్రి పెట్టి, ఇస్రో ఉపగ్రహం సాయంతో నగరంలోని పెద్ద డాక్టర్లతో కలిపినారు. ఆ మార్చి 24న హైదరాబాద్ వచ్చిన అమెరికా అధ్యక్షుడు క్లింటన్ దాన్ని ప్రారంభించినాడు. దేశంలో పల్లెకు టెలీమెడిసిన్ రావడం అదే మొదలని చెప్తారు. ఆ ఊరి పక్కనే అర్ధగిరి కొండ. ఆంజనేయుడు సంజీవని కొండ మోసుకుపోతుంటే సగం విరిగి పడిందని, అక్కడి పుష్కరిణి నీళ్లతో జబ్బులు మానుతాయని జనం సీసాల్లో పట్టుకుపోతారు. తర్వాత కేంద్రం తన టెలీమెడిసిన్‌కు పెట్టిన పేరు ఈ-సంజీవని. ఆ హనుమంతుడు మన చుట్టుపక్కలే తిరుగుతున్నట్టున్నాడు.

ఈ-సంజీవనిని 2019 నవంబరులో దేశంలో ముందుగా పెట్టింది మన రాష్ట్రమే. 2023 ఫిబ్రవరికి దేశమంతా కలిపి పది కోట్ల సంప్రదింపులు దాటినాయి. పల్లెలో హెల్త్ క్లినిక్ ఉంటుంది, అక్కడ నర్సింగ్ చదివిన అమ్మాయి ట్యాబ్ పట్టుకుని కూర్చుంటుంది. దూరంగా హబ్ అనే కేంద్రంలో ఉన్న డాక్టరు తెర మీద కనబడతాడు, మాత్రలు అక్కడే ఇస్తారు. దీనివల్ల మిగిలేది ఏమిటి? చిత్తూరుకు బాడుగ, ఒక పూట కూలి, మధ్యాహ్నం హోటల్లో తినే తిండి. ఈ మిగులు జేబులో ఉంటుంది గానీ 2210లో కనబడదు. 2210లో కనబడేది ట్యాబు ఖరీదు, నెట్ బిల్లు, ఇంతకు ముందు ఆసుపత్రి గడప తొక్కనివాళ్లకు ఇప్పుడిస్తున్న మాత్రలు. బీపీ ఉన్నట్టే తెలియని మనిషికి బీపీ ఉందని తేలిన రోజు నుంచి ఖర్చు మొదలవుతుంది. కాబట్టి డిజిటల్ పెరిగితే ఖర్చు పెరిగిందని నీ కంప్యూటర్ చెప్పిందనుకో, అయ్యో అని రాయొద్దు. పక్షవాతం వచ్చి రాయవేలూరులో లక్షలు పోసే బదులు నెలకు వంద రూపాయల మాత్రలు అయితే ఆ పెరగడం మేలే.

కంప్యూటర్ రాకతో ఖర్చు రాసే పద్ధతి కూడా మారింది, దీన్ని మీ వాళ్లు పట్టించుకోరు. 2007లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైన ఆరోగ్యశ్రీ మొదటి నుంచీ ఆన్‌లైన్ మీదే నడిచింది. రోగి ఫొటో, స్కానింగు ఎక్కించాలి, ముందస్తు అనుమతి రావాలి. అంతకు ముందు ఆ రోగి ఏం చేసేవాడు? పొలం అమ్మేవాడు, లేకపోతే ఇంట్లోనే చనిపోయేవాడు. రెండూ లెక్కల్లో లేవు. చీకట్లో ఉన్న ఖర్చు వెలుగులోకి వస్తే పెరిగినట్టు కనిపిస్తుంది. 2018లో మా ట్రెజరీలకు సీఎఫ్ఎంఎస్ అనే ఆన్‌లైన్ పద్ధతి వచ్చింది. కాగితం బిల్లుల కట్ట పోయి బిల్లు తెర మీద వరసలో నిలబడడం మొదలైంది. అక్కడే ఇంకో చిక్కు ఉంది. మన ప్రభుత్వ లెక్క డబ్బు చెల్లించిన రోజున రాసుకునే లెక్క. వైద్యం ఈ ఏడాది జరిగి, బిల్లు వచ్చే ఏడాది పాసైతే ఖర్చు వచ్చే ఏడాదిదే. బకాయిలు రాలేదని నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపేస్తామని ప్రకటించడం మనం పేపర్లో చూస్తూనే ఉన్నాం. ఆ ఏడాది ఖర్చు తగ్గినట్టు కనబడుతుంది. తగ్గింది రోగమా, ఆగింది బిల్లా అని నువ్వు అడగకపోతే ఇంకెవరూ అడగరు.

సంప్రదింపుల అంకెను కూడా కొంచెం అనుమానంగానే చూడు. రోజుకు ఇన్ని కావాలని పైనుంచి లక్ష్యం పెట్టిన ఏ పనిలోనైనా అంకె తప్పకుండా వస్తుంది. మనిషి వచ్చినాడా లేదా అన్నది మనం పోయి విచారించుకోవాల్సిందే. ఇది ఒక్క వైద్యానికే కాదు, ఇంకుడు గుంతల లెక్కకూ వర్తిస్తుంది.

నాకు లోపల ఉన్న భయం ఇంకొకటి. తెర మీద డాక్టరు మోకాళ్ల నొప్పికి మాత్ర రాస్తాడు. నొప్పి రెండు రోజులు తగ్గుతుంది. మనిషి మళ్లీ ఆ నీళ్లే తాగుతాడు. మాత్ర చవగ్గా, ఇంటి దగ్గరే దొరుకుతోంది గనుక నీళ్ల సంగతి తర్వాత చూద్దాంలే అని పెద్దవాళ్లూ అనుకుంటారు, ఊరివాళ్లూ అనుకుంటారు. పైపులైను వేయడానికి కోట్లు కావాలి, ట్యాబుకు వేలు చాలు. డిజిటల్ వైద్యం బాగా పనిచేసినందువల్లే పర్యావరణం బాగు చేసే ఖర్చు వాయిదా పడుతుందేమో చూడు. నీ ప్రాజెక్టులో రెండింటినీ రెండు వేర్వేరు కారణాలుగా పెట్టినావు. నా అనుమానం, ఒకటి ఇంకొకదానికి తెర అడ్డం వేస్తోందని.

అట్లాగని ఫోన్లు పారేయమని కాదు. ఫోను పారేస్తే అదీ చెత్తే. 2022లో ప్రపంచం పారేసిన ఎలక్ట్రానిక్ చెత్త 6.2 కోట్ల టన్నులు, అందులో పద్ధతిగా సేకరించి రీసైకిల్ చేసింది 22.3 శాతమే. మిగతాదాంట్లో కొంత గుజిరీకి పోయి, కాల్చి రాగి తీసేవాళ్ల చేతుల్లో పడుతుంది. శ్రీసిటీలో ఫోన్లు తయారవుతాయని మురుస్తాం, విశాఖకు గూగుల్ డేటా సెంటర్ వస్తోందని ఇంకా మురుస్తాం. కరెంటు ఎంత, నీళ్లు ఎంత అని కూడా పక్కన ఒక కాలమ్ గీసుకో. ఇంతకంటే దీని జోలికి పోవద్దు, నీ ప్రాజెక్టు కొల్లేరంత అవుతుంది.

నన్ను సలహా అడిగినావు కాబట్టి చెప్తున్నాను. ముప్పై దేశాలను అట్లాగే ఉంచు, మీ సారు కోసం. వాటితో పాటు మన ఇరాల మండలం ఒక్కటి చేర్చు. 2019లో జల్ జీవన్ మిషన్ వచ్చినాక ఊరికి ఐదుగురు ఆడవాళ్లకు కిట్లతో నీళ్లు పరీక్ష చేయడం నేర్పాలని పెట్టినారు, ఆ ఫలితాలు ఎక్కించడానికి పోర్టల్ ఉంది. హెల్త్ క్లినిక్ ట్యాబులో ఎవరికి ఏ నొప్పో నమోదై ఉంది. నీళ్ల శాఖ కంప్యూటర్ ఒక వైపు, వైద్య శాఖ కంప్యూటర్ ఒక వైపు. ఒకే ఊరి పేరు రెండింట్లోనూ ఉంది, రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసేవాళ్లు లేరు. ఆ పని నువ్వు చెయ్యి. రోగుల పేర్లు అడగొద్దు, ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. ఊరి వారీగా మొత్తం అంకెలు అడుగు.

తర్వాత ఆశా కార్యకర్తతో కలిసి ఇళ్లకు పో. ఆరోగ్యం మీద ఏడాదికి ఎంత ఖర్చు పెడతారని అడిగితే ఏముందమ్మా మాకు, స్వామి దయ, బాగానే ఉన్నాం అంటారు. అది కాదు అడగాల్సింది. ప్రతి ఇంట్లో టీవీ పక్కనో, బీరువా మీదో, మేకుకు తగిలించో ఒక ప్లాస్టిక్ కవరు ఉంటుంది. అది చూపించమను. అందులో రాయవేలూరు ఫైలు, మడతలు పడిన ఎక్స్‌రే, సగం చించిన మాత్రల అట్టలు, ఆరోగ్యశ్రీ కార్డు జిరాక్సు, అడుగున బస్సు టికెట్లు, టీ హోటల్ చీటీ ఉంటాయి. ఒక్కొక్కటే బయటికి తీసి ఇది ఎప్పటిది, ఎవరు తోడు వచ్చినారు, ఆ రోజు కూలి పోయిందా అని అడుగుతూ పో. అప్పుడు వాళ్లే చెప్తారు. నీళ్ల క్యాన్ గురించి చివర్లో అడుగు, మొదట అడిగితే నువ్వు పంచాయతీ మనిషివి అనుకుని కుళాయి రావడం లేదని పిటిషను పెట్టేస్తారు.

బ్రహ్మోత్సవాల 21 రోజుల్లో మాత్రం రావొద్దు. వినాయక చవితి నుంచి ఊర్లో కాలు పెట్టడానికి సందు ఉండదు, ఆశా కార్యకర్తలంతా డ్యూటీల్లో ఉంటారు. అంతకు ముందే, ఎండలు తగ్గినాక రా. చిత్తూరు బస్టాండు నుంచి మనకు బస్సులకు కొదవ లేదు. నీళ్ల పరీక్ష కిట్టు ఎవరి దగ్గరుందో నేను కనుక్కుని పెడతాను, కనుక్కోవడానికే రెండు మూడు సార్లు తిరగాల్సి వస్తుందనిపిస్తోంది.

పాత డిమాండ్స్ ఫర్ గ్రాంట్స్ పుస్తకాలు రెండు నా దగ్గర ఉన్నాయి, 2210, 2215 కింద మైనర్ హెడ్లన్నీ విడివిడిగా ఉంటాయి. మీ నాయన చేతికి ఇచ్చి పంపుతున్నాను. ఎర్ర పెన్సిలు గీతలు నావి, చెరపొద్దు. పని అయినాక పుస్తకాలు వెనక్కి ఇవ్వాలి. పోయినసారి మీ అన్న తీసుకుపోయిన ఫైనాన్షియల్ కోడ్ ఇంతవరకు ఇంటికి రాలేదని కూడా వాడికి చెప్పు.

మీ పెదనాయన